అడ్మిన్ డ్యాష్‌బోర్డులో రంగులు: ఐదు పద్ధతుల్లో మీ అంగడికి ఏది సరిపోతుంది?

వెబ్‌సైట్ చేయించుకునేవాళ్లు కస్టమర్లకు కనిపించే పేజీల రంగుల మీద నెల రోజులు మాట్లాడతారు. బ్యానర్ మెరూన్ రంగా, గులాబీనా, లోగో వెనక పసుపు ఉండాలా వద్దా, అన్నీ చర్చకొస్తాయి. పొద్దున పదింటి నుంచి రాత్రి తొమ్మిది దాకా అంగట్లో మనిషి ఆర్డర్లు, స్టాకు చూసుకుంటూ కూర్చునే అడ్మిన్ పేజీ (డ్యాష్‌బోర్డు) గురించి మాత్రం ఎవరూ అడగరు. డబ్బు పోయేది అక్కడే.

నేను అనంతపురంలో చిన్న చిన్న వ్యాపారాలకు సైట్లు చేసి పెడుతుంటాను. ధర్మవరం పట్టుచీరలు ఆన్‌లైన్‌లో అమ్మే ఒక అంగడికి ఆర్డర్ల డ్యాష్‌బోర్డు చేసినప్పుడు, డబ్బు వచ్చిన ఆర్డరు పక్కన ఆకుపచ్చ చుక్క, రానిదాని పక్కన ఎర్ర చుక్క పెట్టాను. అందరూ పెట్టేది అదే కదా అని పెట్టేశాను. వారంలో రెండుసార్లు డబ్బు రాని ఆర్డర్లకు చీరలు వెళ్లిపోయాయి. ప్యాకింగ్ చూసే అబ్బాయి మాటలు పడ్డాడు. నేను వెళ్లి అతని పక్కన కూర్చుని, ఒక్కో ఆర్డరూ చూపించి ఏం కనిపిస్తోందని అడిగితే కాసేపు ఊరుకుని, "అన్నా, నాకు ఈ రెండు చుక్కలూ ఒకే మాదిరి కనపడ్తాండాయి" అన్నాడు. అంతకుముందు గుంతకల్లులో రైల్వే మెడికల్‌కు పోయినప్పుడు రంగు చుక్కల మధ్య దాగున్న అంకె చదవలేకపోయాడట. ఆ సంగతి అంగట్లో తెలిస్తే పని పోతుందేమోనని ఎవరికీ చెప్పలేదు.

తప్పు పూర్తిగా నాదే. ఆ రాత్రి ఇంటికొచ్చి నేను వాడిన రెండు రంగుల మధ్య కాంట్రాస్ట్, అంటే వెలుగు తేడా కొలిచి చూశాను. ఈ కొలత 1 నుంచి 21 దాకా ఉంటుంది, తెలుపు మీద నలుపు అయితే 21. నా ఎరుపుకీ (పూర్తి ఎరుపు) నా ఆకుపచ్చకీ (#008000, వెబ్‌లో రంగుకు రాసే కోడ్ ఇలా ఉంటుంది) మధ్య తేడా 1.28. అంటే వెలుగు పరంగా చూస్తే రెండూ దాదాపు ఒకటే. రంగు తేడా పట్టలేని కంటికి ఇక పట్టుకోవడానికి ఏమీ మిగలదు. అప్పటి నుంచి ఏ డ్యాష్‌బోర్డు చేసినా రంగుల పద్ధతి ఏదో ముందే కూర్చుని తేల్చుకుంటున్నాను. ఆ తేల్చుకునే దారే ఇక్కడ రాస్తున్నాను.

## ముందు తేల్చుకోవాల్సినవి

ఎవరు చూస్తారు, ఎంతసేపు చూస్తారు. ఓనరు రోజుకు రెండుసార్లు ఫోన్‌లో చూసే పేజీ వేరు, గుమాస్తా పది గంటలు చూసే పేజీ వేరు. మొదటిదానిలో రంగు కాస్త గట్టిగా ఉన్నా ఫర్వాలేదు, రెండోదానిలో అదే రంగు సాయంత్రానికి కళ్లు లాగేస్తుంది. వయసు కూడా అడగండి. అరవై దాటిన కంట్లో లెన్సు పసుపెక్కుతుంది కాబట్టి నీలం మసకబారుతుంది. ముదురు నీలం లింకునీ నల్ల అక్షరాన్నీ వాళ్లు విడదీసి చూడలేకపోవచ్చు. ఎరుపు–ఆకుపచ్చ తేడా తెలియకపోవడం మగవాళ్లలో ఎక్కువ, ఎందుకంటే దానికి సంబంధించిన జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటాయి, మగవాళ్లకు అది ఒక్కటే. ఉత్తర ఐరోపా మూలాలున్న మగవాళ్లలో దాదాపు 12 మందిలో ఒకరికి ఈ ఇబ్బంది ఉంటుందని లెక్క. చూసేవాళ్లు ముగ్గురే కదా అనుకోవద్దు, ఆ ముగ్గురిలో ఒకరు అలాంటివారైతే మీ లెక్కంతా తప్పుతుంది.

వెలుగు ఎలాంటిది, మానిటరు ఎలాంటిది. మన ఊళ్లో అంగడి అంటే షట్టరు పూర్తిగా ఎత్తి ఉంటుంది, ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం రోడ్డు మీది ఎండ తిరిగి స్క్రీన్ మీదే పడుతుంది. మానిటరు తరచుగా పాతది, కొంచెం పక్కనుంచి చూస్తే రంగులు మారిపోయే రకం. డిజైన్ చేసేవాడి ల్యాప్‌టాప్‌లో ముచ్చటగా కనిపించిన లేత గులాబీ, లేత ఆకుపచ్చ, లేత పసుపు ఆ మానిటరులో మూడూ తెల్లగానే కనిపిస్తాయి. ఇది నేను ఒకటికి నాలుగుసార్లు చూశాను.

చూడగానే ఏ ప్రశ్నకు జవాబు దొరకాలి. "ఇవాళ నేను ఏం చేయాలి?" అన్న ప్రశ్నా, "ఈ నెల వ్యాపారం ఎలా ఉంది?" అన్న ప్రశ్నా ఒకటి కావు. మొదటిదానికి పని ఉన్న చోట మాత్రమే రంగు కావాలి. రెండోదానికి ఎక్కువ తక్కువలు తెలిపే రంగు కావాలి. రెండింటినీ ఒకే పేజీలో కలిపేస్తే దేనికీ జవాబు దొరకదు.

అక్షరాలు తెలుగువా. వెబ్ పేజీలు అందరూ చదవగలిగేలా ఉండాలని పెట్టిన డబ్ల్యూసీఏజీ ప్రమాణం మామూలు అక్షరాలకు కనీసం 4.5 కాంట్రాస్ట్ అడుగుతుంది, పెద్ద అక్షరాలకు 3 చాలంటుంది, ఇంకా గట్టి స్థాయిలో 7 అడుగుతుంది. తెలుగుకు నేను ఎప్పుడూ 7 పట్టుకుంటాను. మన ఒత్తులు, సుడులు చిన్న సైజులో వెంట్రుకలంత సన్నగా వస్తాయి. 'పంపాం'కీ 'పంపం'కీ మధ్య ఉన్న ఒక్క దీర్ఘం లేత బూడిద రంగులో కనిపించకుండా పోతే అర్థమే తిరగబడుతుంది.

కాగితం మీదికి వెళ్తుందా. పొద్దున్నే ఆర్డర్ల జాబితా ప్రింటు తీసి గోడౌన్‌కు పంపే అలవాటు చాలామందికి ఉంది. ఆ ప్రింటరు నలుపు తెలుపుది. రంగులో మాత్రమే ఉన్న సమాచారం కాగితం మీదికి రాదు.

ఇంకొకటి, పట్టుచీరల అంగడిలో నేర్చుకున్నది. జాబితాలో సరుకు ఫోటోలుంటే వాటి రంగులు కూడా మీ రంగులతో పోటీకి వస్తాయి. కుంకుమ రంగు చీర బొమ్మ పక్కన ఆర్డరు స్థితి చెప్పే ఎర్ర బిళ్ల పెడితే కన్ను చీర మీదికే పోతుంది.

## పద్ధతి 1: అంతా బూడిద, ఒకే ఒక్క హెచ్చరిక రంగు

తెల్లని నేల, ముదురు బూడిద అక్షరాలు, గీతలు లేత బూడిద. మనిషి చేయి పడాల్సిన చోట మాత్రమే ఒక గట్టి రంగు. మిగతా ఏ స్థితికీ రంగు ఉండదు, మాట మాత్రమే ఉంటుంది.

నాకు ఎక్కువ నచ్చేది ఇదే, ఓనర్లకు మొదట్లో అస్సలు నచ్చనిదీ ఇదే. "ఏంది సార్, తెల్లగా బోసిగా ఉండాది" అంటారు. వారం వాడాక ఆ మాట అనరు, ఎందుకంటే పేజీ తెరవగానే ఎక్కడ పని ఉందో అక్కడికే చూపు పోతుంది. కారం దోసె మీద ఎర్రకారం ఒక పొరే పూస్తారు. మిగతా పిండి చప్పగా ఉండబట్టే ఆ కారం తెలుస్తుంది.

బూడిదలోనూ జాగ్రత్త కావాలి. #999999 తెలుపు మీద 2.85 మాత్రమే ఇస్తుంది, అది అక్షరాలకు పనికిరాదు. #777777 కూడా 4.48 దగ్గర ఆగి గీత దాటదు, #767676 అయితే 4.54తో దాటుతుంది. #666666 వాడితే 5.74, #333333 వాడితే 12.6 వస్తుంది. తెలుగు అక్షరాలకు #333333 పెట్టేయండి, ఇక ఆలోచించే పని లేదు. హెచ్చరికకు నేను ఇటుక రంగు #993300 వాడుతున్నాను. దాని మీద తెల్ల అక్షరాలు 7.4 కాంట్రాస్ట్‌తో ఎండలో కూడా నిలబడతాయి.

లోటు ఏమిటంటే, స్థితులు ఆరేడు ఉండి, ఏ ఆర్డరు ఏ మెట్టు మీద ఉందో మనిషి పొద్దస్తమానం వెతుకుతూ ఉండే పనైతే ఇది చాలదు. ఒక్కో మాటా చదువుకుంటూ పోవాలి.

## పద్ధతి 2: ఎరుపు, పసుపు, ఆకుపచ్చ

ట్రాఫిక్ లైటు అందరికీ తెలుసు, నేర్పించాల్సిన పని లేదు. దీని బలం అదొక్కటే, కానీ అది చిన్న బలమేమీ కాదు. కొత్తగా చేరిన మనిషి మొదటి రోజే అర్థం చేసుకుంటాడు.

చిక్కులు మాత్రం వరుసగా ఉన్నాయి. మొదటిది మొదట్లోనే చెప్పాను, ఎరుపూ ఆకుపచ్చా కలిసిపోయే కళ్లుంటాయి. రెండోది పసుపు. తెలుపు మీద పూర్తి పసుపు అక్షరాల కాంట్రాస్ట్ 1.07, అంటే లేనట్టే. పసుపు వాడితే నేలగా వాడి, దాని మీద నల్ల అక్షరాలు పెట్టాలి. చాలామంది రెడీమేడ్ టెంప్లేట్లలో పసుపు బిళ్ల మీద తెల్ల అక్షరాలు పెట్టి వదిలేస్తారు, అది చదవడానికి మొహం స్క్రీన్‌కు ఆనించాలి.

మూడోది ఇంకా లోతుగా ఉంది, దీని గురించి ఎక్కువమంది ఆలోచించరు. ఆకుపచ్చ అంటే "అయిపోయింది" అనా, "కానివ్వు" అనా? వర్డ్‌ప్రెస్ సైట్లో ఆన్‌లైన్ అంగడి నడిపే వూకామర్స్‌లో 'ప్రాసెసింగ్' స్థితి ఆకుపచ్చ బిళ్లలో వస్తుంది, 'కంప్లీటెడ్' నీలి బూడిద బిళ్లలో వస్తుంది. తయారుచేసినవాళ్ల ఉద్దేశం ప్రకారం ప్రాసెసింగ్ అంటే డబ్బు వచ్చింది, ఇక సరుకు పంపు అని. మన మనిషి మాత్రం ఆకుపచ్చ చూడగానే పని అయిపోయిందనుకుంటాడు. పంపాల్సిన చీర అలమరాలో ఉండిపోతుంది, నాలుగు రోజులకు కస్టమరు ఫోన్ చేస్తుంది. అందుకే రంగు ఎంచుకునే ముందు మీ అంగట్లో ఒక్కో స్థితిని ఏ మాటతో పిలుస్తారో రాసుకోండి. 'డబ్బు రాలేదు', 'ప్యాక్ చేయాలి', 'కొరియర్‌కు ఇచ్చాం', 'వెనక్కి వచ్చింది', ఇలా. మాట తేలాక రంగు దానంతటదే తేలుతుంది.

ఎరుపు విషయంలో మనకు ఇంకో చిక్కు ఉంది. మన వ్యాపారుల ఖాతా పుస్తకానికి అట్ట ఎర్ర గుడ్డే, కుంకుమ ఎరుపే, పెళ్లి చీరల్లోనూ ఎరుపే ముందుంటుంది. ఒక పెద్దాయన మొత్తం అమ్మకం అంకెను ఎర్రగా పెట్టమన్నారు, శుభమని. పక్కనే స్టాకు అయిపోయిన సరుకు కూడా ఎర్రగా ఉంది. ఏది సంతోషమో ఏది టెన్షనో తెలియని పేజీ అయింది. చైనా షేర్ మార్కెట్లో ధర పెరిగితే ఎరుపు చూపిస్తారు, మన దగ్గర పెరిగితే ఆకుపచ్చ. రంగుకు పుట్టుకతో వచ్చే అర్థం ఏదీ ఉండదు, వాడేవాళ్లు ఒప్పుకున్న అర్థమే ఉంటుంది. ఆ పెద్దాయనకు పేజీ పైన అంగడి పేరు వెనక ఎర్రటి పట్టీ ఇచ్చాం, అంకెను నలుపులో పెద్దది చేశాం, ఆయనా ఒప్పుకున్నారు.

ట్రాఫిక్ లైటే కావాలంటే ఈ మూడూ చేయండి. చుక్క తీసేసి మాట రాసిన బిళ్ల పెట్టండి. ఆకుపచ్చ బదులు నీలం వాడండి, #004488 బాగుంటుంది, తెలుపు మీద 9.6 వస్తుంది. ఆపాల్సిన స్థితికి బిళ్ల నిండా రంగు పూయండి, సాఫీగా నడుస్తున్న స్థితికి బిళ్ల అంచు గీత మాత్రమే ఉంచండి. అప్పుడు రంగు తెలియకపోయినా నిండు బిళ్లా ఖాళీ బిళ్లా తెలుస్తాయి. మా ప్యాకింగ్ అబ్బాయికి నేను చేసింది ఇదే. నిండు బిళ్ల మీద "డబ్బు రాలేదు, పంపొద్దు" అని ఉంటుంది.

## పద్ధతి 3: విభాగానికో రంగు

ఆర్డర్లకు నీలం, స్టాకుకు నారింజ, కస్టమర్లకు ఊదా, లెక్కలకు ఆకుపచ్చ. చూడ్డానికి నిండుగా ఉంటుంది, ఫోటో తీసి పంపితే ఓనరుకు వెంటనే నచ్చుతుంది. చదవడానికి చేసే సాయం తక్కువ. ఆర్డర్ల పేజీలో ఉన్నానని మనిషికి ముందే తెలుసు, నీలం చెప్పాల్సిన పని లేదు. పైగా నారింజ స్టాకుకు ఇచ్చేశాక హెచ్చరికకు ఇవ్వడానికి రంగు మిగలదు.

ఒక్కచోట మాత్రం దీనికి గట్టి ఉపయోగం ఉంది. ఒకే మనిషి రెండు మూడు బ్రాంచీలు చూస్తున్నప్పుడు, కడప బ్రాంచీ సరుకు కర్నూలు బ్రాంచీ లెక్కలో పడకుండా పైన పట్టీ రంగు మార్చడం మంచి పని. రంగులు కావాలంటే జపాన్‌కు చెందిన మసతకా ఒకాబే, కెయ్ ఇటో ఎంపిక చేసిన ఎనిమిది రంగుల జాబితా ఉంది, రంగు తేడా తెలియనివాళ్లు కూడా విడదీసి చూడగలిగేలా కూర్చారు. అందులో నాలుగైదు మించి తీసుకోవద్దు.

## పద్ధతి 4: ఒకే రంగు, లేత నుంచి ముదురుకు

ఇది అంకెలకు. ఏ వారం ఏ సమయంలో ఆర్డర్లు ఎక్కువ, ఏ ఊరి నుంచి తక్కువ, ఏ సరుకు ఎన్ని రోజులుగా కదలకుండా ఉంది, ఇలాంటి గళ్ల పట్టికల్లో ఎక్కువైన కొద్దీ రంగు ముదురుతుంది. వేరుశనగ మిల్లులో ఏ లాటు ఎన్నాళ్ల నుంచి పడి ఉందో చూపించడానికి ఇలాంటిదే చేశాను, పాతబడిన కొద్దీ గోధుమ రంగు ముదురుతుంది. ఎవరికీ వివరించాల్సిన పని పడలేదు.

చేయకూడనిది ఇంద్రధనుస్సు. నీలం, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు వరుసలో పెడితే మధ్యలో పసుపు మెరిసి అదే ఎక్కువేమో అనిపిస్తుంది. అంకెల బొమ్మలు గీసే మాట్‌ప్లాట్‌లిబ్ కూడా 2017లో వచ్చిన 2.0 వెర్షన్‌లో పాత ఇంద్రధనుస్సు వరుసను వదిలేసి, విరిడిస్ అనే వరుసకు మారింది. అందులో వెలుగు మెట్టు మెట్టుగా పెరుగుతుంది కాబట్టి నలుపు తెలుపు ప్రింటులో కూడా వరుస చెడదు. సొంతంగా చేసుకునేవాళ్లు ఐదు మెట్లు మించొద్దు, అంతకంటే ఎక్కువైతే ఏ షేడు ఏ మెట్టుదో కన్ను చెప్పలేదు. ప్రతి గడిలో అంకె కూడా రాయండి, గడి ముదిరాక అక్షరం తెల్లగా మారాలన్నది మర్చిపోవద్దు.

## పద్ధతి 5: డార్క్ థీమ్

నల్లని నేల మీద తెల్ల అక్షరాలు, కుర్రాళ్లు అడిగేది ఇది. రాత్రి డ్యూటీ ఉండే ల్యాబు, హాస్టలు, సీసీ కెమెరాల గది, ఇలాంటి చీకటి చోట్ల నిజంగా హాయి. షట్టరు ఎత్తిన అంగట్లో మాత్రం వద్దు. నల్ల స్క్రీన్ అద్దమైపోయి మీ చొక్కా, వెనక రోడ్డు, పోయే ఆటో అన్నీ అందులో కనిపిస్తాయి, అక్షరాలు తప్ప. ఆస్టిగ్మాటిజం (కంటి ముందు పొర వంపు సమంగా లేకపోవడం) ఉన్నవాళ్లకు నలుపు మీద తెల్ల అక్షరాల అంచులు చెదిరినట్టు కనిపిస్తాయి, మన ఒత్తులకు అది ఇంకా చేటు.

పెట్టాల్సి వస్తే పూర్తి నలుపు వద్దు. గూగుల్ మెటీరియల్ డిజైన్ #121212 సూచిస్తుంది. తెల్ల నేల మీద వాడిన ఇటుక రంగు, ముదురు నీలం ఇక్కడ నేలలో కలిసిపోతాయి, వాటి లేత రకాలు విడిగా చూసుకోవాలి. అంటే పని రెట్టింపు. ఆ ఓపిక లేకపోతే మొదలుపెట్టొద్దు.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| పద్ధతి | పని ఎక్కడుందో తెలియడం | ఎండ వెలుగులో | రంగు తేడా తెలియని కంటికి | నలుపు తెలుపు ప్రింటులో |
|---|---|---|---|---|
| బూడిద + ఒక రంగు | చాలా బాగా | బాగుంటుంది | బాగుంటుంది | నిండు బిళ్ల తెలుస్తుంది |
| ఎరుపు–పసుపు–ఆకుపచ్చ | బాగా, మాటలుంటేనే | పసుపు పోతుంది | చుక్కలైతే ప్రమాదం | మాట లేకపోతే సున్నా |
| విభాగానికో రంగు | తక్కువ | మధ్యస్థం | ఎంచుకున్న రంగులను బట్టి | పోతుంది |
| లేత నుంచి ముదురు | అంకెలకు బాగా | లేత మెట్లు పోతాయి | బాగుంటుంది | నిలబడుతుంది |
| డార్క్ థీమ్ | రంగుల పద్ధతిని బట్టి | పనికిరాదు | రంగుల పద్ధతిని బట్టి | ప్రింటుకు తెల్ల పేజీ విడిగా కావాలి |

## రంగు ఎక్కడ పూయాలి

పద్ధతి తేలాక కూడా ఈ ప్రశ్న మిగులుతుంది. వరుసంతా రంగు పూస్తే దూరం నుంచి కనిపిస్తుంది, కానీ యాభై ఆర్డర్లలో ముప్ఫై రంగులోనే ఉంటే పేజీ పండగ తోరణంలా అవుతుంది, అక్షరాల కాంట్రాస్ట్ కూడా పడిపోతుంది. అక్షరాలకే రంగు వేయడం అన్నిటికంటే బలహీనం, సన్నని గీతలో రంగు తెలియదు. ఆ పట్టుచీరల అంగడికి నేను పెట్టినవి రెండు: వరుసకు ఎడమ పక్కన నిలువుగా మందపాటి గీత, స్థితి కాలమ్‌లో మాట రాసిన బిళ్ల. చీర ఫోటోను కుడి చివరికి జరిపి సైజు తగ్గించాను. ఫోటో రంగులు స్థితి రంగులకు దూరం జరిగాక, నేను ఏ కొత్త రంగూ పెట్టకుండానే పేజీ సగం తేలికైంది.

వరుసకు వరుసకూ మధ్య లేత బూడిద చార వేసేవాళ్లు పాత మానిటరులో అది కనిపిస్తోందో లేదో చూసుకోండి. కనిపించకపోతే చార బదులు సన్నని గీత పెట్టడమే నయం.

## మీ పరిస్థితికి ఏది

ఒక్కరే ఓనరు, ఒక్కరే గుమాస్తా, రోజుకు ముప్ఫై లోపు ఆర్డర్లు ఉన్న అంగడైతే మొదటి పద్ధతికి పోండి, ఇంకేమీ చూడక్కర్లేదు.

ముగ్గురు నలుగురు పనిచేస్తూ, ఒకరు డబ్బు చూస్తే ఒకరు ప్యాకింగ్ చూస్తే, సీఓడీ (సరుకు అందాక డబ్బిచ్చే) పార్సిళ్లు వెనక్కి రావడం కూడా ఉంటే రెండో పద్ధతి, నేను చెప్పిన మార్పులతో. మనుషులు మారుతూ ఉండే చోట నేర్పించే బాధ తక్కువగా ఉండటం పెద్ద లాభం. రంగులు మూడు దాటనివ్వొద్దు.

మిల్లు, కోచింగ్ సెంటరు, గోడౌన్ లాంటివాటిలో ఓనరు వారానికోసారి కూర్చుని లెక్క చూసుకునే పేజీ ఉంటుంది. ఆ పేజీకి నాలుగోది, రోజువారీ పేజీకి మొదటిది. రెండు పేజీలకు రెండు పద్ధతులు ఉంటే తప్పేమీ లేదు, ఒకే పేజీలో రెండూ పెట్టకండి.

వర్డ్‌ప్రెస్ మీద నడుపుతున్నవాళ్లకు ఒక మాట. అడ్మిన్ రంగులను ఒక్కో యూజరూ తన ప్రొఫైల్ పేజీలో మార్చుకోవచ్చు. అది మెనూ, బటన్ల రంగులే మారుస్తుంది, ఆర్డరు స్థితి బిళ్లల రంగులను మార్చదు. బిళ్లలకు కొన్ని లైన్ల సీఎస్‌ఎస్ (పేజీ రూపం, రంగులు చెప్పే కోడ్) రాయించుకోవాలి, తెలిసినవాళ్లకు అది గంట పని.

అంగడి లోగో ఎరుపో మెరూనో అయినవాళ్లు ఇంకాస్త ఆలోచించాలి. 'సేవ్' బటన్ మెరూన్, 'డిలీట్' బటన్ ఎరుపు ఉన్న పేజీ ఒకటి సరిచేశాను, అక్కడ పనిచేసే అమ్మాయి ఏది నొక్కాలన్నా చేయి వెనక్కి తీసి ఇంకోసారి చదువుకునేది. లోగో రంగును లాగిన్ పేజీకీ పై పట్టీకీ పరిమితం చేసి, బటన్లకు నీలం ఇచ్చాం.

## ఎంచుకున్నాక పరీక్షించడం

క్రోమ్‌లో డెవలపర్ టూల్స్ తెరిచి, రెండరింగ్ ట్యాబ్‌లోకి పోతే రంగు తేడా తెలియని కంటికి పేజీ ఎలా ఉంటుందో చూపించే ఎంపిక ఉంది. ఎరుపు–ఆకుపచ్చ తేడా తెలియని రెండు రకాలైన ప్రొటనోపియా, డ్యూటెరనోపియా రెండూ పెట్టి చూడండి. ఫోన్‌లో అయితే ఆండ్రాయిడ్ డెవలపర్ ఆప్షన్లలో స్క్రీన్‌ను పూర్తి నలుపు తెలుపు చేసే వీలుంది. అంత లోతుకు పోలేనివాళ్లు పేజీని ప్రింటు తీసి గోడౌన్‌లో పనిచేసే మనిషికి ఇవ్వండి, ఏ ఆర్డరు ఆపాలో వేలు పెట్టి చూపించమనండి.

ఆ తర్వాత అసలు చోటుకు పోవాలి. మధ్యాహ్నం రెండింటికి, షట్టరు ఎత్తి ఉన్నప్పుడు, అంగట్లో ఉన్న ఆ పాత మానిటరు మీదే పేజీ తెరవండి. రోజూ కూర్చునే మనిషినే కూర్చోబెట్టి, మీరు వెనక నిలబడి, "ఇందులో ఇప్పుడు నువ్వు చేయాల్సిన పని ఏది?" అని అడగండి. ఐదు సెకన్లలో చూపిస్తే పద్ధతి కుదిరినట్టు. చూపించకపోతే ఇంకో రంగు కలపకండి, ఉన్నవాటిలో ఒకటి తీసేసి మళ్లీ అడగండి. అలా అడిగేటప్పుడు రంగులు తెలుస్తున్నాయా అని కూడా పక్కకు పిలిచి మెల్లగా అడగండి, నలుగురి ముందు ఎవరూ చెప్పరు.